మామయ్య టీయూ

హైదరాబాద్ యాప్రాల్‌లో మా మామయ్య వాళ్ల డాబా మీద కూర్చుంటే హకీంపేట నుంచి లేచిన ట్రైనింగ్ విమానాలు నెత్తి మీదుగానే వెళ్తుంటాయి. మామయ్యకి కుడి చెవి సరిగా వినపడదు. అయినా అందరికంటే ముందు తల ఎత్తేది ఆయనే. "చెవితో కాదు అల్లుడూ, ఇక్కడ తెలుస్తది" అని ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

ఆ చెవి పోయింది టీయూ-142 విమానం దగ్గరే. 1988లో మన నేవీ సోవియట్ యూనియన్ నుంచి ఎనిమిది టీయూలు తెచ్చుకుంది. సముద్రం మీద నిఘా పెట్టడానికి, సబ్‌మెరైన్లను వెతకడానికి. మామయ్య అదే ఏడు నేవీలో చేరాడు, గ్రౌండ్ క్రూలో పడ్డాడు. మొదట గోవాలో, 1992లో స్క్వాడ్రన్‌తో పాటే తమిళనాడులోని అరక్కోణానికి. పదిహేనేళ్లు చేసి బయటికొచ్చాడు. ఆ పదిహేనేళ్లలో ఆయన ఆ విమానంలో ఎగిరింది చాలా తక్కువ, దాని కింద నిలబడిందే ఎక్కువ.

దాని శబ్దం గురించి చెప్పాలి. నాలుగు ఇంజన్లు, ఒక్కోటి దాదాపు 15 వేల హార్స్‌పవర్. ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, పైగా వాటి రెక్కల అంచులు ధ్వని కంటే వేగంగా గాలిని కోస్తాయి. అందుకే ప్రపంచంలో అత్యంత గోలగా ఉండే విమానాల్లో దాన్ని చెప్పుకుంటారు. ఆ గోల పెడుతూనే దాని పనేమో వినడం! సముద్రంలోకి సోనోబాయ్‌లు జారవిడుస్తారు. అది నీళ్ల మీద తేలుతుంటే, దాని కింద తీగకి వేలాడే మైకు లోతుకి దిగి సబ్‌మెరైన్ చప్పుడు పట్టుకుంటుంది, పైనున్న యాంటెనా ఆ చప్పుడుని రేడియోలో విమానానికి పంపుతుంది. లోపల కూర్చున్నవాళ్లు గంటల తరబడి హెడ్‌ఫోన్లలో అదే వింటారు. 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటు జరిగినప్పుడూ, 1999లో కార్గిల్ యుద్ధమప్పుడూ ఈ టీయూలు సముద్రాన్ని కాపలా కాశాయి. కార్గిల్ అంటే మనకి కొండలే గుర్తొస్తాయి, సముద్రం మీద ఆ రాత్రుళ్లు ఎవరు మేలుకున్నారో చాలామందికి తెలియదు. మామయ్య ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ కూడా చెయ్యలేదని అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

దాన్ని రిటైర్ చెయ్యడం తప్పని నేను అనను, మామయ్య కూడా అనడు. విమానాలు వచ్చిన మూడేళ్లకే వాటిని చేసిన దేశమే విడిపోయింది. స్పేర్ల కోసం ఎదురుచూపులు, ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టడాలు, ఇవన్నీ ఆయన చేతుల మీద జరిగినవే. 2013లో అదే పని చేసే కొత్త విమానాలు, బోయింగ్ పీ-8ఐలు, అరక్కోణం రావడం మొదలయ్యాక ఇక దీనికి రోజులు దగ్గరపడ్డాయని అందరికీ తెలుసు. ఆ పీ-8ఐకి మూలం మనం ఊళ్లకి వెళ్లే 737 విమానమే. మన హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో ఇప్పుడు 737లకి నిలువు తోక భాగాలు తయారవుతున్నాయని చెప్తే మామయ్య కళ్లు మెరిశాయి, "మనోళ్లేనా చేసేది?" అని రెండుసార్లు అడిగాడు.

2017 మార్చి 29న అరక్కోణంలో, అప్పటి నేవీ చీఫ్ అడ్మిరల్ సునీల్ లాంబా సమక్షంలో టీయూలకి వీడ్కోలు పలికారు. 29 ఏళ్లు, 30 వేల గంటలు, ఒక్క ప్రమాదం లేదు. ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోతాను. అంత పాతబడిన విమానం, అంత దూరం నుంచి రావాల్సిన స్పేర్లు, కింద సముద్రం, అయినా ఒక్క ప్రమాదం లేదంటే అది ఊరికే జరగదు, ప్రతి రాత్రీ ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని ప్రతి బోల్టూ చూస్తేనే జరుగుతుంది. వాళ్లలో ఒకడు మా మామయ్య.

ఏప్రిల్‌లో ఒక టీయూ చివరిసారి ఎగిరి వైజాగ్ చేరింది. దాన్ని విడదీసి రోడ్డు మీద ఆర్కే బీచ్‌కి తెచ్చి, అక్కడ మళ్లీ బిగించి మ్యూజియం చేశారు. డిసెంబర్ 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. పోదాం పోదాం అనుకుంటూనే ఇన్నేళ్లు గడిచాయి, చివరికి మొన్న సంక్రాంతి అయ్యాక గోదావరి ఎక్కించి తీసుకెళ్లాను.

రోడ్డుకి అటువైపు ఇసుకలో కురుసుర సబ్‌మెరైన్, ఇటువైపు ఇది. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 50 మీటర్లు. మామయ్య ఏడుస్తాడేమో అని నాకు లోపల టెన్షన్. ఏడవలేదు. తిన్నగా ఇంజన్ కిందికి వెళ్లి, పైకి కాదు, నేల వైపు చూశాడు. చెప్పు పక్కకి తీసి కాలి బొటనవేలితో సిమెంటు మీద రాసి చూశాడు. ఏం చూస్తున్నావు మామా అంటే, "ఆయిల్ చుక్క" అన్నాడు. పొడిగా ఉంది. కాసేపు అలాగే నిలబడ్డాడు, "చుక్క కారకుండా ఎప్పుడూ లేదిది" అన్నాడు మెల్లగా.

పక్కన ఒక చిన్న పిల్లాడు ప్రొపెల్లర్ రెక్కలు లెక్కపెట్టి "నాలుగు" అన్నాడు వాళ్ల నాన్నతో. మామయ్య వంగి, వెనకాల ఇంకో నాలుగున్నాయి చూడు నాన్నా అని చూపించి, రెండు అరచేతులు ఎదురెదురుగా తిప్పుతూ అవి ఎలా తిరిగేవో చెప్పాడు. ఐదు నిమిషాల్లో చుట్టూ పదిమంది. ఎక్కడ నిచ్చెన వేసేవాళ్లు, ఎండాకాలం అరక్కోణంలో రేకు ఎంత కాలిపోయేదంటే చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకునేవాళ్లు, అన్నీ చెప్తున్నాడు. నేను పుట్టిన దగ్గర్నుంచి ఆయన్ని చూస్తున్నాను, ఇందులో సగం నాకు తెలియదు.

విమానం వేగం, పొడుగు, బరువు ఎక్కడైనా దొరుకుతాయి. చేతికి గుడ్డ చుట్టుకున్న సంగతి ఎక్కడ దొరుకుతుంది? ఆయన బ్యాచ్‌లో ఇద్దరు ఇప్పటికే పోయారు. అందుకే తిరిగొచ్చిన వారం నుంచి ప్రతి ఆదివారం ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆయన ఎడమ వైపు కూర్చుంటున్నాను. ఇప్పటికి నాలుగు గంటలైంది, ఇంకా గోవాలోనే ఉన్నాం. వచ్చే ఆదివారం అరక్కోణం మొదలుపెడదాం అన్నాడు.