ఇరవై అయిదు ఓట్లు, పదకొండేళ్ల ఖాళీ

రాజకీయాల మీద విరక్తి కలగడానికి గుంటూరు, విజయవాడల్లో ఉండేవారికి కారణాలు వెతికి పెట్టనక్కరలేదు. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని మధ్యలో ఆగి మళ్లీ మొదలైన తీరు చూశాం; ఒక గుర్తు మీద గెలిచి ఇంకో కండువా కప్పుకున్నవారిని చూశాం; పోలింగుకు ముందు రాత్రి వీధుల్లో ఏం పంచుతారో తెలియని ఇల్లు లేదు. అందువల్ల "ఎవరొస్తే మనకేమిటి" అన్న మాటను సోమరితనమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు.

2019 ఏప్రిల్ 11న మా బావగారు ఆ మాటే అని ఇంట్లో ఉండిపోయారు. అప్పట్లో ఆయన ఓటు విజయవాడ సెంట్రల్ నియోజకవర్గంలో ఉండేది. లెక్కింపు ముగిసేసరికి అక్కడ మల్లాది విష్ణు గారికీ బొండా ఉమామహేశ్వరరావు గారికీ మధ్య తేడా 25 ఓట్లని తేలింది. ఇంట్లో అందరం ఆయన వైపే చూశాం. "నేను వేసి ఉంటే అది 24 అయ్యేది, కాకపోతే 26. అంతకన్నా ఏం ఒరిగేదోయ్?" అన్నారాయన.

లెక్క ప్రకారం ఆయన చెప్పినదే నిజం. ఒక్క ఓటు ఫలితాన్ని తారుమారు చేయడం అత్యంత అరుదు కాబట్టి, ఆ ఆశ చూపించి ఓటు వేయమనేవారి మాట నాకూ రుచించదు.

నన్ను ఆలోచనలో పడేసింది ఫారం 20 అనే కాగితం. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు, నోటాకు ఎన్ని ఓట్లు పడ్డాయో వరుసగా చూపే పట్టిక అది. మనం ఎవరికి వేశామన్నది రహస్యమే గాని, వేశామా లేదా అన్నది రహస్యం కాదు. బూత్‌లో కూర్చున్న ఏజెంట్లు ఓటర్ల జాబితాలో పేరు పేరుకూ టిక్కు పెట్టుకుంటూనే ఉంటారు. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకున్న నాయకుడికి ఏ వీధి కదిలి వస్తుందో, ఏ అపార్ట్‌మెంట్ తలుపులు వేసుకుని కూర్చుంటుందో ఇట్టే తెలిసిపోతుంది. మనం నిరసనతోనే రాలేదన్న సంగతి మాత్రం వాటిలో ఎక్కడా కనబడదు. ఊరు విడిచి వెళ్లినవారి పేరూ, జాబితా నుంచి ఇంకా తొలగించని మృతుల పేరూ, అలిగి ఇంట్లో ఉన్న మన పేరూ ఒకే విధంగా టిక్కు లేకుండా మిగిలిపోతాయి.

అసలు ఓటే లేకపోతే ఎలా ఉంటుందో మా గుంటూరు నగరం చాలాకాలం చూసింది. 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో ముగిసిన తరువాత, మళ్లీ నగరపాలక సంస్థకు పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న. మధ్యలో పదకొండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. ఆ అధికారుల్లో బాగా పనిచేసినవారు ఉండవచ్చు, దానితో నాకు పేచీ లేదు. కాని బదిలీ మీద వచ్చి బదిలీ మీద వెళ్లే అధికారికి మన కోపంతో పని లేదు; అయిదేళ్లకొకసారి చేతులు జోడించుకుని మన గుమ్మం ముందు నిలబడవలసిన మనిషికే దానితో పని ఉంటుంది. కార్పొరేటర్లను తిట్టుకోవడం మనకు అలవాటే. తిట్టుకోవడానికైనా మన డివిజనుకు ఒక మనిషి ఉండడం ఎంత సౌకర్యమో, 57 డివిజన్లకూ ఎన్నికలు జరిగిన తరువాత గాని నాకు అర్థం కాలేదు.

ఎవరూ నచ్చనివారి కోసం సుప్రీంకోర్టు తీర్పు మేరకు 2013 నుంచి నోటా మీట ఉంది. శాసనసభ ఎన్నికల్లో దానికే అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా, తరువాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలుస్తాడు కాబట్టి దానిని కోరలు లేని పాము అనేవారున్నారు. నిజమే, అయినా ఇంట్లో కూర్చున్న కోపానికి ఆ పాటి బుస కూడా లేదు.

బావగారు తరువాత గుంటూరు వచ్చేశారు. చిరునామా మార్పుకు ఫారం 8 నింపుతూ, ఇదంతా నా పోరు పడలేకేనని మా అక్కతో అన్నారట. 2024 మే 13న ఎండ ముదరకముందే వరుసలో నిలబడి వచ్చి, నోటా నొక్కానని నిర్మొహమాటంగా చెప్పారు. ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు మా కేంద్రం ఫారం 20 తీసి చూశాను. నోటా గడిలో సున్నా లేదు.