విమానంలో వేలికి ఆక్సీమీటర్

పక్క సీటాయన ఈరోజు నన్ను పేషెంటు అనుకున్నట్టున్నాడు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి తగిలించుకుని కూర్చుంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. నాకేం లేదు. వచ్చే నెల నాన్న విమానం ఎక్కాలి, ఆయనకు సీఓపీడీ, అంటే ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. పైకెళ్తే అంకె ఎంత పడుతుందో ముందు నా వేలి మీద చూద్దామనిపించింది.

నేల మీద 98. పైకెళ్లాక మెల్లగా దిగుతూ వచ్చి 92 దగ్గర ఊగిసలాడింది. ఆయాసం లేదు, తలనొప్పీ లేదు. కోవిడ్ రోజుల్లో ఇదే అంకె చూసుంటే ఇల్లంతా టెన్షన్ పడేవాళ్లం. మధ్యలో ఒకసారి 84 చూపించి గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే ఏసీకి వేళ్లు చల్లబడ్డాయి. చేతులు రుద్దుకుని మళ్లీ పెడితే 92.

బయట 35,000 అడుగుల ఎత్తు. క్యాబిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపుతారు కాబట్టి లోపల మనకు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే. మామూలుగా 8,000 దాటకూడదని నిబంధన. నేల మీదున్నంత ఒత్తిడి ఉంచాలంటే విమానం ఇంకా బలంగా, బరువుగా కట్టాలి. ఆక్సిజన్ శాతం పైనైనా కిందైనా 21కి దగ్గరే, తగ్గేది ఒత్తిడి. 8,000 అడుగుల దగ్గర పీల్చే గాలి, నేల మీద 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలితో సమానం. ముందు సీటు జేబులో చిప్స్ ప్యాకెట్టు పగిలిపోతుందేమో అన్నంతగా ఉబ్బింది.

పీల్చే ఆక్సిజన్ పావు వంతుకు పైగా తగ్గినా నా రక్తంలో పడింది ఆరు పాయింట్లే. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ దాన్ని అంత తేలిగ్గా వదలదు. కానీ 90 దగ్గర నుంచి కథ మారుతుంది, కొండ అంచు దాటినట్టు అక్కడి నుంచి జారుడే. నాన్నకు ఇంట్లో కూర్చుంటేనే 93.

కిటికీ పక్కాయన వైన్ తాగి గురక పెట్టాడు. నిద్రలో ఊపిరి ఎలాగూ నెమ్మదిస్తుంది. 2024లో ఫలితాలు వెలువడిన ఒక జర్మనీ ప్రయోగంలో, 8,000 అడుగుల ఒత్తిడిలో మందు తాగి పడుకున్న ఆరోగ్యవంతులకే ఆక్సిజన్ 85 దగ్గరికి పడింది. ఆయన్ని లేపి చెప్పాలనిపించింది కానీ ఊరుకున్నాను.

దిగాక నాన్నకు ఫోన్ చేశాను.

"నీకు పైన 92 వచ్చిందా? నాకు కిందే అంత ఉంటుంది. అంటే నాకు అలవాటేగా!" అని నవ్వారు.

"అదే కదా నాన్నా భయం" అన్నాను. 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిని ఇరవై నిమిషాలు పీల్పించి చూసే పరీక్ష ఉందని, అందులో బాగా పడితే విమానంలో ఆక్సిజన్ పెట్టుకోవాలని చెప్పాను. సొంత సిలిండర్‌ని సాధారణంగా ఎక్కనివ్వరు, ఏర్పాటు ఏదైనా విమాన సంస్థకు ముందే చెప్పుకోవాలి. కాసేపు గునిశారు. ముక్కుకి గొట్టంతో నలుగురిలో కూర్చోవడం ఆయనకి నామోషీ. చివరికి "సరే, పరీక్ష వరకైతే చేయించుకుంటాను, గొట్టం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. శుక్రవారానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.