ఓటేసిన సభ ఒకటి, కూర్చున్న సభ ఇంకొకటి

ఆదోనిలో దస్తావేజులు రాసి బతికేవాణ్ణి. పొలం అమ్మేవాళ్లు సంచిలోంచి పాత లింకు డాక్యుమెంట్లు తీసి బల్ల మీద పరిస్తే, నా చూపు ముందు పై వరుస మీదికే పోతుంది. 1953కు ముందటివైతే ‘బళ్లారి జిల్లా, ఆదోని తాలూకా’. ఆ తర్వాతివైతే ‘కర్నూలు జిల్లా’. సర్వే నంబరు మాత్రం అదే, తూర్పు హద్దులో వంక కూడా అదే. కొన్నవాళ్ల మనవలు వచ్చి “ఇదేంది సార్, మా పొలం కర్ణాటకలో ఉండిందా?” అని అడుగుతారు. లేదు నాయనా, అప్పుడు బళ్లారీ మనమూ అందరం మద్రాసు రాష్ట్రమే అని చెప్తా. సగం మంది నమ్మరు.

మా అబ్బ 1952లో ఓటేసింది ఆ మద్రాసు శాసనసభకే. 375 మంది సభ్యులు, రాజాజీ ముఖ్యమంత్రి. ఆ ఏడాది డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, మిగిలినవి మైసూరుకు పోయాయి. కొత్త రాష్ట్రానికని మళ్లీ ఎన్నికలు పెట్టలేదు. మద్రాసు సభలో మన ప్రాంతాల నుంచి గెలిచిన 140 మందిని విడదీసి, ఇదిగో మీదే ఆంధ్ర శాసనసభ అన్నారు. బళ్లారి వైపు గెలిచినవాళ్లు మైసూరు సభలో కూర్చున్నారు. మా అబ్బ మాటల్లో చెప్పాలంటే, “మేమేసింది మద్రాసుకు, ఆయప్ప కూసునింది కర్నూల్లో.”

కర్నూలు రాజధాని అంటే అందరికీ ఆఫీసులు నడిచిన గుడారాలే గుర్తొస్తాయి. నాకు ఆ సభ పడిపోయిన తీరు గుర్తొస్తుంది. 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టారు. గొడవంతా మద్య నిషేధం మీద. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం కూలింది. తెలుగువాళ్ల మొదటి రాష్ట్రంలో మొదటి మంత్రివర్గాన్ని దించింది సారా కథ. ఇప్పటి రాజకీయాలు చూసి ముక్కు మీద వేలేసుకునేవాళ్లకు ఇది చెప్తుంటా.

1955 ఫిబ్రవరిలో మళ్లీ ఓట్లు. ఈసారి 196 స్థానాలు, బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి. ఆంధ్ర శాసనసభ కోసమే జనం ఓటేసింది మొత్తం మీద ఈ ఒక్కసారే. అదీ రెండేళ్లు నిలవలేదు. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. ఈ 196 మందికి, హైదరాబాదు సభకని 1952లో గెలిచిన తెలంగాణ సభ్యులు 105 మంది తోడై మొత్తం 301. ముఖ్యమంత్రి మా పక్క అనంతపురం జిల్లా మనిషి, నీలం సంజీవరెడ్డి. 1957లో ఎన్నికలు తెలంగాణలో మాత్రమే పెట్టారు. ఆంధ్ర వైపు వాళ్లు 1955 గెలుపు మీదే 1962 దాకా కూర్చున్నారు. ఐదేళ్లకని ఓటేయించుకుని ఏడేళ్లు! అడిగినవాడు లేడు.

అదంతా పాతకాలం అనుకుంటే 2014 వచ్చింది. ఏప్రిల్ 30న తెలంగాణ, మే 7న మేము. అందరం ఓటేసింది 294 మంది ఉన్న ఒకే సభకు. జూన్ 2న అది 175, 119గా రెండయింది. మన 175 మందీ ఇంకో దాదాపు మూడేళ్లు హైదరాబాదులోనే సమావేశమై, 2017 మార్చిలో వెలగపూడికి వచ్చారు.

దీని వెనక చట్టం సంగతి చెప్పాలి, నన్ను తినేసేది అదే. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాన్ని చీల్చాలన్నా కలపాలన్నా పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. బిల్లును రాష్ట్ర శాసనసభకు పంపి అభిప్రాయం అడగాలి, అంతే. ఒప్పుకోవాలని లేదు. 2014 జనవరి 30న మన సభ ఆ బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. అమెరికాలో ఇట్లా కుదరదు. అక్కడ ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రం చెయ్యాలంటే ఆ రాష్ట్ర శాసనసభ సరేనని తీరాలి. విడగొట్టింది మంచిదా చెడ్డదా అనే పంచాయితీ నాకొద్దు. సంతకం అక్కర్లేకుండానే ఆస్తి విభాగమైపోవడం నా వృత్తివాడికి మింగుడుపడదు.

శాసనమండలి కథ దీనికి తలకిందులు. 1958లో మొదలైంది. ఎన్టీఆర్ వద్దనుకుంటే 1985లో పోయింది, వైఎస్ హయాంలో 2007లో తిరిగొచ్చింది. 2020 జనవరిలో మళ్లీ రద్దు తీర్మానం చేశారు, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. నడుమ మండలి మామూలుగానే నడిచింది. ఎందుకంటే 169వ అధికరణం కింద సభ మూడింట రెండొంతుల ఓట్లతో అడిగినా, పార్లమెంటు చట్టం చేస్తేనే రద్దయ్యేది. తన పక్క గదికి తాళం వెయ్యాలంటే ఢిల్లీ తాళంచెవి ఇవ్వాలి. ఇల్లంతా రెండు చెయ్యాలంటే ఢిల్లీకి ఈ సభ ఒప్పుకోలు అక్కర్లేదు.

ఇప్పుడు నేను చూస్తున్నది విభజన చట్టంలోని 26వ సెక్షన్. మన సీట్లు 175 నుంచి 225కు, తెలంగాణవి 119 నుంచి 153కు పెంచుకోవచ్చని అందులో రాశారు. కానీ 170వ అధికరణానికి లోబడి అన్నారు. ఆ అధికరణం 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా సీట్ల సంఖ్యను కదలనివ్వదు. ఉన్న 175లో సీమ నాలుగు పాత జిల్లాలవి 52. యాభై కొత్తవి వస్తే మాకెన్ని? కరువుకు బెంగళూరు వలసపోయి, లెక్కల నాటికి అక్కడే ఉండేవాళ్లను యాడ రాసుకుంటారు? మా ఆఫీసు ముందు చెట్టుకింద కూర్చునే లేఖరులం దీని మీద వాదులాడుకుంటున్నాం. మా పక్క మాగాణి పల్లెలన్నీ కలిపి ఇంకో నియోజకవర్గం రావాలని ఒకాయన పట్టు. వస్తే దాని పేరేమిటన్నదాని మీద నిన్న ఇద్దరు మాటలు మానేశారు.