పాపకు పాలు పడని ఆ తొమ్మిది వారాలు

మా పుట్టింట్లో పాడికి ఎప్పుడూ లోటు లేదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఇప్పటికీ రెండు గేదెలున్నాయి. పొద్దున్నే పాలు పితికే చప్పుడుతోనే మాకు తెల్లవారేది. అలాంటి ఇంట్లో పిల్లకు పాలు పడలేదంటే మా నాయనమ్మ చాలా రోజులు నమ్మలేదు.

'పాలు పడలేదు' అనే మాట మనం అన్నిటికీ వాడేస్తాం. పిల్ల కక్కినా అదే మాట, ఏడ్చినా అదే మాట, విరేచనాలు పలచగా అయినా అదే. ఆ మాట వెనక వేరు వేరు కారణాలు ఉంటాయని నాకు తెలియడానికి పాపకు తొమ్మిది వారాలు నిండాయి. ఈలోగా మూడు డబ్బాలు మార్చాను.

నాకు సిజేరియన్ అయింది. మొదటి నాలుగు రోజులు పాలు సరిగా రాలేదు. ఆస్పత్రిలోనే డబ్బా పాలు మొదలుపెట్టారు. ఇంటికొచ్చాక నా పాలు పెరిగాయి కానీ పాపకు చాలేవి కావు. పగలు నా పాలు, సాయంత్రం, రాత్రి పోతపాలు. మూడో వారం నుంచి రాత్రిళ్ళు మొదలైంది ఏడుపు. పాలు తాగిన అరగంటకు కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, మొహం ఎర్రబడి, గొంతు బొంగురు పోయేదాకా ఏడ్చేది. భుజాన వేసుకుని త్రేన్పు తెప్పిస్తే తాగిందంతా కక్కేసేది. తర్వాత బంక విరేచనాలు.

అమ్మ బొడ్డు చుట్టూ ఇంగువ రాసింది. నాయనమ్మ దిష్టి తీసింది. ఎదురింటి పిన్నిగారు గాడిద పాలు ఒక ఉగ్గిన్నెడు పట్టించమన్నారు, వీధిలోకి వచ్చే మనిషి ఫోన్ నంబర్ కూడా ఇచ్చారు. వాళ్ళంతా పాప మీద ప్రేమతోనే చెప్పారు. గాడిద పాలకు మాత్రం నేను ఒప్పుకోలేదు. కాచని పాలు అంత పసిపిల్లకు పట్టడానికి నాకు భయం వేసింది.

నేను చేసిన పొరపాటు వేరే. డబ్బా మారిస్తే సరిపోతుందనుకున్నాను. ముందు ఇంకో కంపెనీది తెచ్చాం. వారం తర్వాత మెడికల్ షాపు అతను 'ఇది లాక్టోజ్ లేనిది, గ్యాస్ రాదు' అని ఇంకోటి ఇచ్చాడు. అది రెండు రోజులు పనిచేసినట్టే అనిపించింది, మూడో రోజు మళ్ళీ మామూలే. ఇక సోయా డబ్బా కొనుక్కొచ్చి మూత తీయబోతున్న రోజునే డైపర్‌లో సన్నటి ఎర్రటి చార కనిపించింది. దారం పోగంత ఉంది. నా చేతులు వణికాయి. సోయా డబ్బా అలాగే పక్కన పెట్టి, ఆ డైపర్‌ను కవర్‌లో చుట్టుకుని గుంటూరులో పిల్లల కడుపు సమస్యలు చూసే డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాం.

మన దేశంలో 1992లో వచ్చిన చట్టం ప్రకారం పసిపిల్లల పాలడబ్బాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద పాప బొమ్మ కూడా ఉండకూడదు. తల్లిపాలను కాపాడటానికి ఆ చట్టం ఉండాల్సిందే అని నేను గట్టిగా నమ్ముతాను. కానీ అవసరం పడి కొనే తల్లికి ఏ డబ్బాలో ఏముందో విడమరిచి చెప్పే మనిషి కూడా కావాలి. నాకు ఆ మనిషి తొమ్మిదో వారంలో దొరికారు.

డాక్టర్ గారు ముందు పాప బరువు చూశారు, పుట్టినప్పటి నుంచి రాసిన కార్డు చూశారు. తర్వాత డైపర్ చూశారు. అప్పుడు కాగితం మీద రెండు గీతలు గీసి చెప్పారు. 'అమ్మా, పాలల్లో చక్కెర ఉంటుంది, దాని పేరు లాక్టోజ్. ప్రోటీన్ ఉంటుంది, అది వేరు. మీరు తెచ్చిన మూడో డబ్బాలో చక్కెర తీసేశారు, ప్రోటీన్ అలాగే ఉంది. మీ పాపకు పడనిది ఆ ప్రోటీన్ అని నా అనుమానం.' పుట్టుకతోనే లాక్టోజ్ అరగని పిల్లలు చాలా అరుదట. బాగా విరేచనాలు పట్టుకున్నాక కొన్నాళ్ళు అరగకపోవడం మాత్రం ఉంటుందట. ఆవు పాలు, గేదె పాలు, మేక పాలు ఈ ప్రోటీన్ విషయంలో దగ్గరి చుట్టాలే కాబట్టి ఒకటి పడకపోతే ఇంకోటి పట్టి చూడొద్దన్నారు. సోయా ఆరు నెలల లోపు వద్దన్నారు.

రక్త పరీక్ష చేయించమని నేనే అడిగాను. పాపకు ఉన్న రకం ఎలర్జీ రక్త పరీక్షలో తేలదన్నారు. పాల ప్రోటీన్‌ను పూర్తిగా ఆపి రెండు నుంచి నాలుగు వారాలు చూడాలి, తగ్గితే మళ్ళీ ఇచ్చి చూడాలి, తిరిగి వస్తే అప్పుడు ఖాయం. నా పాలు ఆపొద్దని గట్టిగా చెప్పారు. కాకపోతే నేను తిన్న పాల ప్రోటీన్ నా పాలలోకి కొద్దిగా వెళుతుంది కాబట్టి నేనూ మానేయాలి. పాలు, టీ, మజ్జిగ, నెయ్యి, పెరుగు, పాలపొడి కలిసిన బిస్కెట్లు, అన్నీ. క్యాల్షియం మాత్రలు రాశారు. ప్యాకెట్ల వెనక 'మిల్క్ సాలిడ్స్', 'వే', 'కేసిన్' అని ఉందేమో చూసుకోమన్నారు, ఏ పేరున్నా అందులో పాల ప్రోటీన్ ఉన్నట్టేనట.

పెరుగు లేకుండా అన్నం ముగించడం ఎంత కష్టమో తెలుగింట్లో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అమ్మ ప్రతి పూటా నా కంచం వైపు చూసి కళ్ళు తిప్పుకునేది. చివరి ముద్ద చారుతో తిని లేచిపోయేదాన్ని.

పోతపాలకు డాక్టర్ గారు రాసిచ్చిన కొత్త డబ్బాలో పాల ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొట్టి ఉంటారు, శరీరం దాన్ని గుర్తుపట్టలేనంతగా. అందుకే ధర ఎక్కువ, మామూలు దానికి మూడు రెట్ల దాకా పడింది మాకు. రుచి చేదు, వాసన కూడా బాగోదు. మొదటి రోజు పాప నాలుక మీద వేసుకుని మొహం చిట్లించి ఉమ్మేసింది. ఇరవై మిల్లీలీటర్లు తాగడానికి ముప్పావుగంట పట్టింది. మూడో రోజుకు అలవాటు పడింది. నాలుగో రోజు విరేచనం ముదురాకు పచ్చ రంగులో వస్తే హడలిపోయి ఫోన్ చేశాను. ఈ పాలకు అలా రావడం మామూలే, టెన్షన్ పడొద్దన్నారు.

పాలు కలపడం కూడా ఆవిడే నేర్పించారు. నీళ్ళు మరగబెట్టి అరగంట దాటకుండా, ఇంకా 70 డిగ్రీలకు తగ్గక ముందే సీసాలో కొలిచి పోయాలి, ఆ తర్వాతే పొడి. చెంచా మీద పొడి గుట్టగా ఉండకూడదు, కత్తి అంచుతో సమం చేయాలి. పాలు చల్లారాక మణికట్టు మీద చుక్క వేసుకుని చూసి పట్టాలి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి. అంతకు ముందు అరగడం లేదని నాయనమ్మ ఇంకో గుక్కెడు నీళ్ళు ఎక్కువ పోయించేది, నేనూ పోశాను. అలా పలచన చేస్తే పిల్ల బరువు పెరగదనీ, ఒంట్లో ఉప్పు తగ్గిపోయే ప్రమాదం కూడా ఉందనీ చెబితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎన్ని గంటలకు తాగింది, ఎంత తాగింది, కక్కిందా, ఎన్ని తడి డైపర్లు, విరేచనం రంగు. అయిదో రోజు దగ్గర 'రాత్రి ఏడవలేదు' అని రాసి ఉంది. పన్నెండో రోజు దగ్గర 'రక్తం లేదు, బంక లేదు'. ఆ పేజీని ఫోటో తీసి హైదరాబాద్‌లో ఉన్న మా వారికి పంపాను.

నాలుగు వారాలయ్యాక పాత పాలు మళ్ళీ పట్టి చూడాల్సిన రోజు వచ్చింది. హాయిగా నిద్రపోతున్న పిల్లకు, పడదని తెలిసిన పాలు నా చేత్తో పట్టాలి. అమ్మ వద్దనే వద్దంది. 'బాగయింది కదే, ఇంకెందుకు?' అని ఏడ్చింది. అయినా డాక్టర్ గారు చెప్పింది నాకు సబబుగా అనిపించింది. ఖాయం చేసుకోకపోతే అక్కర్లేని పథ్యం నెలల తరబడి నడుస్తుంది, అక్కర్లేని ఖరీదైన డబ్బా నడుస్తుంది. ఆవిడ చెప్పినట్టే కొద్ది కొద్దిగా మొదలుపెట్టాం. మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు రాత్రి మళ్ళీ కాళ్ళు ముడుచుకుంది. పొద్దున్నకు బంక, అందులో ఎర్రటి చార. వెంటనే ఆపేశాం. ఈ పరీక్ష మాత్రం ఎవరూ ఇంట్లో సొంతంగా చేయొద్దు. ఒంటి మీద దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి ఇబ్బంది వచ్చే రకం ఎలర్జీ కూడా ఉంటుంది, దాన్ని ఆస్పత్రిలోనే చూస్తారు. అలాగే ఆకుపచ్చటి వాంతి, పొట్ట ఉబ్బి గట్టిపడటం, జ్వరం, తడి డైపర్లు తగ్గిపోవడం, రక్తం ఎక్కువగా పోవడం కనిపిస్తే డబ్బా సంగతి తర్వాత, ముందు ఆస్పత్రికి వెళ్ళాలి.

ఆరో నెలలో అన్నప్రాశన చేశాం. పరమాన్నం ఆవు పాలతో చేయకపోతే ఎలా అని అత్తయ్యగారు కాసేపు బాధపడి, తర్వాత ఆవిడే కొబ్బరి తురిమి పాలు తీశారు. కొత్త బియ్యం, బెల్లం, కొబ్బరిపాలు. పాప వెండి గిన్నెలో వేలు పెట్టి నాకేసింది.

ఇప్పుడు పదకొండో నెల. ఏడాది దాటాక డాక్టర్ గారు మళ్ళీ చూస్తామన్నారు, ముందు పాలు కలిపి బాగా బేక్ చేసిన బిస్కెట్ లాంటిది, అది పడితే మెల్లగా పెరుగు, పాలు. చాలామంది పిల్లలకు ఇది మూడేళ్ళ లోపు తగ్గిపోతుందట.

పోయిన వారం పాపను తీసుకుని ఊరెళ్ళాను. నాయనమ్మ గేదె పాలు పితికి, చెంబు వరండాలో పెట్టి, నూతి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి అప్పుడు పాపను ఎత్తుకుంది. అంత అక్కర్లేదు నాయనమ్మా అన్నాను. 'నీకేం తెలుసే, ఉండు' అని పాపను భుజాన వేసుకుని గేదెలకు దూరంగా, వేపచెట్టు కిందికి తీసుకెళ్ళింది.