హేవలాక్ స్పాన్: రెయిలింగ్ మళ్లీ వంగింది

నిన్న మధ్యాహ్నం తిన్నగా ఉన్న నా మోడల్ వంతెన రెయిలింగ్ పై కమ్మీ ఇవాళ పొద్దున చూస్తే ప్రతి పోస్టు మధ్యా అల తిరిగి ఉంది. విసుగొచ్చేసింది.

నేను చేస్తున్నది రాజమండ్రి హేవలాక్ వంతెనలో ఒక స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం), 1:100 స్కేల్లో. అసలుది 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది. మొత్తం 56 స్పాన్లు, ఒక్కోటి 150 అడుగులు. విజయనగరంలో నా బల్ల మీద 457 మి.మీ. దాని మీద జనం నడవాలంటే ఎలాంటి రెయిలింగ్ పెట్టాలన్నదే నా సరదా. ఎత్తు 1.1 మీటర్లు అనుకున్నా, అంటే 11 మి.మీ.

గర్డర్లు, రివెట్లు బాగా వచ్చాయి. ఎవర్‌గ్రీన్ కంపెనీ స్టైరీన్ ప్లాస్టిక్ షీటు ఖరీదే గానీ అంచు శుభ్రంగా తెగుతుంది.

ఇక వంపు సంగతి. కమ్మీకి వాడిన తీగ 0.4 మి.మీ. ఇత్తడి, పోస్టుల దూరం 20 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెడితే వంపు 0.3 నుంచి 0.35 మి.మీ. వచ్చింది. అసలు వంతెన మీదైతే మూడు సెంటీమీటర్ల పైనే! రెండు చివర్లా పోస్టులు బయటికి ఒరిగాయి కూడా. ముందు టంకం వేడి మీద అనుమానపడ్డా, తర్వాత గ్లూ మీద. ఊడదీసి గాజుపలక మీద పెడితే రెయిలింగ్ తిన్నగానే ఉంది. అంటే తేడా కింద ఉన్న ప్లాస్టిక్‌ది.

మా మేడ మీది రేకుల గదిలో మధ్యాహ్నం 37 డిగ్రీలు, తెల్లవారుజామున 22. డిగ్రీకి, మీటరుకి ఇత్తడి సుమారు 19 మైక్రాన్లు కుదించుకుంటే స్టైరీన్ 70 దాకా పోతుంది. 15 డిగ్రీలకి స్పాన్ మొత్తం మీద తేడా 0.35 మి.మీ. ఒక్కో ఖానాకి, అంటే రెండు పోస్టుల మధ్యకి, వచ్చేది 0.015 మాత్రమే, కానీ అంత చిన్న తేడాకే తీగ పక్కకి 0.34 జరుగుతుంది. లెక్కా కొలతా కలిశాయి. బుడితిలో ఇత్తడి పని చేసే పెద్దాయనకి చూపిస్తే నవ్వి, "ఏటి బాబూ, ఇద్దరికీ పొత్తు కుదరనప్పుడు కట్టీసి ఉంచితే ఎలాగ?" అన్నారు.

అసలు వంతెనలో ఉక్కు మీద ఉక్కే కాబట్టి స్పాన్ మధ్యలో ఈ గొడవ రాదు. కానీ 30 డిగ్రీల తేడాకి 45.7 మీటర్ల స్పాన్ 16 మి.మీ. దాకా సాగుతుంది. పియర్ (వంతెన స్తంభం) మీద జాయింట్ ఉన్నచోట రెయిలింగ్ కూడా తెగి, ఒకదాంట్లో ఒకటి జారాలి. ఇంకోటి: అంత పాత ఉక్కుకి వెల్డింగ్ వద్దే వద్దు. కొత్త రంధ్రాలు కూడా వేయకుండా క్లాంపులు బిగించాలి. మోడల్లోనూ అలాగే చేస్తున్నా.

ఈసారి ప్రతి ఐదో పోస్టు దగ్గర కమ్మీని కోసి, ఒక కొస గొట్టంలో జారేలా వదిలేస్తా. 21 గేజ్ సిరంజి సూది లోపల 0.51 మి.మీ. ఉంటుంది, తీగ హాయిగా జారుతుంది. బయట మాత్రం 0.8, కొంచెం లావే. పోస్టు వెనక్కి దాచాలి. అతికించేది గది 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే.

ఆ తర్వాత జాలీ. అడ్డ కమ్మీలు పెడితే పిల్లలు ఎక్కేస్తారు. నిలువు కమ్మీల సందు పది సెంటీమీటర్లు దాటకూడదంటే నాకు 1 మి.మీ. అన్ని తీగలకి టంకం పెట్టే ఓపిక లేదు, సన్నటి స్టీలు జల్లెడ వల కోసం చూస్తున్నా.