1526లో ఏమి జరిగింది?

ఏడో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో, సోషల్ పేపరులో, నాకు ఒక మార్కు పోయింది. ఇన్నేళ్లయినా ఆ వ్యాజ్యాన్ని నేను వదులుకోలేదు. సంచికకు ఏదైనా రాయమనగానే ముందు గుర్తొచ్చింది అదే.

ప్రశ్న: 1526 ప్రాముఖ్యం ఏమిటి? మొదటి పానిపట్టు యుద్ధం, బాబరు, ఇబ్రహీం లోడీ అని రాసి ఊరుకుంటే రెండు మార్కులూ వచ్చేవి. నేను కింద ఇంకో వాక్యం చేర్చాను: 'అదే సంవత్సరం విజయనగరాన్ని శ్రీకృష్ణదేవరాయలు పాలించుచుండెను. ఆధారం: ఆదిత్య 369.' మాస్టారు దాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, పక్కన 'సినిమాలు తగ్గించు' అని రాశారు.

1991 జూలైలో విడుదలైన ఆ సినిమా మా ఊరి టాకీసుకు దసరా సెలవుల్లో గానీ రాలేదు. నేల టికెట్టుకు వెళ్లి, మరునాడు మళ్లీ వెళ్లాను. బడి తెరిచాక వారం రోజులు తరగతిలో అదే గొడవ. మూడో వరుస బల్ల మీద కంపాస్ ముల్లుతో 369 అని చెక్కినది ఎవరో అప్పట్లో తేలలేదు. నేనే. ఇప్పుడు దండించేవారు ఎవరూ లేరు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

నన్ను పట్టుకున్నది ఆ సినిమాలోని కాలయంత్రం కాదు, అది దిగిన సంవత్సరం, 1526. మన పాఠ్యపుస్తకంలో విజయనగరం ఒక పాఠం, మొఘలులు ఇంకో పాఠం. నడుమ ఖాళీలు పూరింపుడు. ఒకరి కథ ముగిశాకే మరొకరిది మొదలైందనుకునేవాణ్ణి. ఉత్తరాన బాబరు ఫిరంగులు పేలుతున్న ఏడాదే దక్షిణాన రాయలు కొలువు తీరి ఉన్నాడని తట్టినప్పుడు ఒళ్లు జలదరించింది. చాలా కాలానికి కాలేజీ గ్రంథాలయంలో బాబరు ఆత్మకథ తిరగేస్తే, ఆ కాలపు హిందూ రాజుల్లో రాజ్య విస్తీర్ణంలోనూ సైన్యంలోనూ విజయనగర ప్రభువే పెద్దవాడని ఆయనే రాసుకున్నాడు. మాస్టారికి చూపిద్దామంటే అప్పటికే బదిలీ మీద వెళ్లిపోయారు.

2025 ఏప్రిల్‌లో సినిమాను 4కె ముద్రణలో మళ్లీ విడుదల చేస్తే, మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. మూడో ప్రపంచ యుద్ధం తరువాత జనం భూగర్భంలో బతికే 2504 అప్పట్లో నాకు నోరు తెరిపించింది. ఈసారి అట్టపెట్టెల వాసన వేసింది. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. భవిష్యత్తే అన్నిటికన్నా ముందు పాతబడింది. రాయల సభ మాత్రం చెక్కు చెదరలేదు. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడిగా పెదవి విరిచి మాట విసిరితే చాలు, జంధ్యాల కలం తెలిసిపోతుంది. ఒకే బాలకృష్ణ రాయలుగా నిలబడినప్పుడు మెడ నిలిపే తీరు వేరు, యంత్రంలో వచ్చిపడ్డ ఈ కాలపు కృష్ణకుమారుగా బిత్తరపోయే తీరు వేరు. రాజనర్తకి సింహనందినిగా సిల్క్ స్మిత ఎంత హుందాగా ఉందో పన్నెండేళ్ల వయసులో చూడలేదు. 'జాణవులే' పాటకు ఇళయరాజా కట్టిన బాణీ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది?

మూడు కాలాలకు ముగ్గురు ఛాయాగ్రాహకులట: వర్తమానానికి పి.సి. శ్రీరామ్, రాయల కాలానికి వి.ఎస్.ఆర్. స్వామి, భవిష్యత్తుకు కబీర్ లాల్. మాకు అప్పుడు తెలిసినదల్లా తెర రంగు మారుతోందని. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు అనే పేరు కూడా పట్టించుకోలేదు.

యంత్రం 1526లో దిగగానే ఉండబట్టలేక మా అమ్మాయి చెవిలో, "ఇదే ఏడాది పానిపట్టులో..." అని మొదలుపెట్టాను.

"నాన్నా, పాఠం ఇంటికెళ్లాక చెప్పు. సినిమా చూడనివ్వు" అంది.