పాత ఫిల్మ్ కెమెరా పుట్టిన ఏడాది కనిపెట్టడం

ముందు రివైండ్ నాబ్, అంటే ఫిల్మ్‌ను తిరిగి క్యాసెట్‌లోకి చుట్టే గుండీ, మెల్లగా తిప్పండి. బిగుతుగా ఉంటే లోపల ఫిల్మ్ ఉన్నట్టే, తలుపు తీయకండి.

1970ల కెనాన్ ఎస్‌ఎల్‌ఆర్‌లకు (లెన్స్ గుండానే చూసి ఫొటో తీసే కెమెరాలకు) ఫిల్మ్ గదిలో, క్యాసెట్ కూర్చునే చోట, చిన్న కోడ్ ఉంటుంది. టార్చి ఏటవాలుగా వేస్తేనే కనిపిస్తుంది. మొదటి ఇంగ్లిష్ అక్షరం ఏడాది: ఎ అంటే 1960, అక్కణ్నుంచి వరసగా. తర్వాతి అంకెలు నెల. ఎస్10తో మొదలైతే 1978 అక్టోబరు. 26 అక్షరాలు అయిపోయాక 1986లో మళ్లీ ఎ వస్తుంది కాబట్టి మోడల్ ఎప్పటిదో కూడా చూసుకోవాలి. తలుపు అంచున జిగురైన ఫోమ్ ముక్కలు షట్టర్ తెర మీద పడనివ్వకండి.

సోవియట్ కెమెరాలు జెనిట్, జోర్కీలైతే హాయి. చాలావాటికి సీరియల్ నంబర్‌లో మొదటి రెండంకెలే ఏడాది.

స్వీడన్ కెమెరా హాసెల్‌బ్లాడ్‌కు నంబరు ముందుండే రెండు అక్షరాలు ఏడాది చివరి రెండంకెలు: వి, హెచ్, పి, ఐ, సి, టి, యు, ఆర్, ఇ, ఎస్ అనే అక్షరాలు వరసగా 1 నుంచి 9, చివరిది 0. టిహెచ్ అంటే 1962. కానీ బాడీ నంబరే చూడండి. ఫిల్మ్ మ్యాగజైన్ (ఫిల్మ్ ఉండే వెనక పెట్టె) ఊడొచ్చేది, దాని నంబరు వేరే.

లెన్స్ సంగతీ అంతే. దాని వయసు కెమెరా వయసు కానక్కర్లేదు, ఎప్పుడో మార్చేసి ఉంటారు.